అవ్వ కయ్యకు తోలిన మట్టి

ఆత్మకూరు పక్కన మైకా గనిలో నేను పనిచేసిన ఏళ్ళన్నీ మెరుస్తూనే గుర్తొస్తాయి. తల దువ్వుకుంటే దువ్వెన మెరిసేది. దుప్పటి దులిపితే సన్నటి రేకులు గాలిలోకి లేచి, కిటికీలోంచి ఎండ పడేచోట కాసేపు తేలి, నింపాదిగా నేలకు దిగేవి. అన్నంలో మెరుపు, చెంబులో మెరుపు, మనుషుల చెవుల వెనక మెరుపు. ఊళ్ళోవాళ్ళు దాన్ని కాకిబంగారం అనేవాళ్ళు, గనిలో మైకా అనేవాళ్ళం. మంచి రేకులు పెట్టెల్లోకెక్కి మదరాసు పోయి, అక్కడినుంచి ఓడల్లో ఏ దేశానికో వెళ్ళేవి. పనికిరాని పలుగురాయి, తెల్లసుద్ద, మైకా పొట్టు మాత్రం ఎక్కడికీ పోకుండా గుంత పక్కనే దిబ్బగా పెరిగేవి. ఆ దిబ్బమీద పడ్డ వాన ఎటు పోతుందో చూడటమే నా ఉద్యోగం.

అట్లాంటి ఉద్యోగం ఒకటి లోకంలో ఉంటుందని చేరేదాకా నాకూ తెలియదు. మాది ఉదయగిరి కొండ కింద మెట్టపల్లె. వాన మొదలైతే అందరూ ఇంట్లోకి పరుగెత్తేవాళ్ళు, మా నాయన మాత్రం బయటికి వెళ్ళేవాడు. గోనెసంచి తలమీద కప్పుకుని చేలో నిలబడి, నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయో, ఎక్కడ వంకర తిరుగుతున్నాయో చూసుకుని, వాన వెలిశాక ఆ వంకర దగ్గర మోకాలెత్తు రాతికట్ట కట్టేవాడు. ఏళ్ళ తరబడి ఆయన పక్కన నిలబడి తడిసినవాణ్ణి నేను.

“నీళ్ళను ఆపాలని చూడబాకరా,” అనేవాడు. “నిదానంగా పొమ్మను. నిదానంగా పొయ్యే నీళ్ళు మట్టిని ఈడనే దించేసి పోతాయి.”

తరవాత వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. చూద్దామంటే నీళ్ళే లేనప్పుడు ఈ విద్య నేనేం చేసుకోను? స్వాతంత్ర్యం వచ్చిన రెండు మూడేళ్ళకు, ఒక పొద్దున ఉదయగిరిలో బస్సెక్కాను. బొగ్గు బస్సు అది. వెనక డ్రమ్ములో బొగ్గు రాజేసి, ఒక మనిషి చక్రం తిప్పీ తిప్పీ చెమటలు కక్కితేగాని కదిలేది కాదు. దుత్తలూరు దగ్గర మొరాయిస్తే అందరం దిగి, ఎవరింటి అరుగుమీదో కూర్చుని మజ్జిగ తాగాం. మళ్ళీ కదిలాక నాకు నిద్ర పట్టింది. కళ్ళు తెరిచేసరికి దారి పొడుగునా మట్టి మెరుస్తోంది. రాళ్ళు మెరుస్తున్నాయి, బండి గాడి మెరుస్తోంది, దారిన పోయే ఎద్దు గిట్టలు కూడా మెరుస్తున్నాయి. ఇంకా కలలోనే ఉన్నాననుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. పక్కనున్నాయన మోచేత్తో పొడిచి, గని వచ్చింది దిగమన్నాడు. నిజం చెప్పాలంటే ఆ కలలోంచి పూర్తిగా లేవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

గని మేనేజరు మంచివాడే కాని, మబ్బు కనిపిస్తే వణికేవాడు. అంతకు ముందు ఏడు కార్తీకమాసంలో గాలివాన కొట్టి గుంత నిండా నీళ్ళు చేరాయి. ఆ నీళ్ళు తోడేదాకా కూలీలకు పని లేదు, ఆయనకు నిద్ర లేదు.

“గుంతలోకి వాననీళ్ళు రాకుండా చూడగలవా?” అని అడిగాడు.

“అదెంత పని సార్,” అన్నాను. పుట్టింది మొదలు గనుల్లోనే పెరిగినవాడిలాగా అన్నాను. ఆ వయసులో నాకు పొగరు తక్కువేం కాదు. ఆయన నన్ను పనిలో పెట్టుకున్నాడు. మైకా మేస్త్రీ ఒకడున్నాడు, మందుగుండు మేస్త్రీ ఒకడున్నాడు కాబట్టి, కూలీలు నన్ను నీళ్ళ మేస్త్రీ అన్నారు.

చేరిన వారం తిరక్కుండానే అవ్వ వచ్చింది. నేను షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. అరవై దాటిన మనిషి, పొట్టి, కళ్ళు మాత్రం చురుకు. నేరుగా నా ముందుకొచ్చి కొంగు విప్పింది. కొంగులోంచి తెల్లటి ఇసక జలజలా నా కాళ్ళమీద పడింది. ఎండలో తళతళలాడుతోంది.

“ఏంది సామీ ఇది?” అంది. “దీన్ని వండుకోని తినమంటారా?”

“నేను కొత్తగా వచ్చినాను అవ్వా. నాకేం తెలుసు?”

“నువ్వు కొత్త. మీ దిబ్బ కూడా కొత్తదేనా? రా. వచ్చి కళ్ళారా చూడు.”

నాకు సర్రున కోపం వచ్చింది. అయినా వెనకాలే వెళ్ళాను. దిబ్బ దిగువన చిన్న వాగు, వాగు పక్కనే మొట్టమొదట ఆమె కయ్య. ఎకరానికి కాస్త తక్కువ. వాగులోంచి చిన్న కాలువ తీసి ఆ కయ్య ఒక్కటీ వరి పెట్టుకునేది. మొగుడు పోయి ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఆ కయ్యలో పండిన ఒడ్లు, రెండు మేకలు, అంతే ఆమెకున్నది. పోయిన గాలివానకు దిబ్బ కరిగి వాగులోకి జారి, కాలువ మొగదల కయ్య మూలంతా తెల్లగా మేట వేసి ఉంది.

ఆమె నన్ను గట్టుమీద కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని ముందు ఆ మేటలో పెట్టింది. వేడిగా, గరగరగా ఉంది. తరవాత కయ్య నడిమికి తీసుకుపోయి అక్కడి మట్టిలో పెట్టింది. నల్లగా, చల్లగా ఉంది. పసిబిడ్డను చూపించినట్టు చూపించింది.

“ఇంకొక్క వాన అట్టాంటిది వస్తే ఇదీ అట్టా అయిపోతాది. కయ్య పోతే నాకు కూడు లేదు నాయనా,” అంది. అంతసేపూ అరిచిన మనిషి ఆ మాట మటుకు మెల్లగా అంది.

నా కోపం ఎటు పోయిందో. “నేనుండగా ఇంకొక్క పిడికెడు కాకిబంగారం నీ కయ్యలోకి రానియ్యను అవ్వా. వస్తే నన్నడుగు,” అన్నాను.

“అడక్కుండా ఎందుకు ఊరుకుంటా?” అంది.

మేనేజరుకు గుంత ముఖ్యం. నాకు ఆ రోజునుంచి కయ్య ముఖ్యం. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే నీళ్ళు రెండుచోట్లకూ ఒక్క వాలులోనే వచ్చేవి. ముందు గుంతకు ఎగువన, కొండవాలును అడ్డంగా కోస్తూ కాలువ తవ్వించాను. దానికి వాలు ఎంత ఉండాలో చూడటానికి మా నాయన పద్ధతే. పొడుగాటి వెదురును నిలువునా చీల్చి, దొప్పలో నీళ్ళు పోసి నేలమీద పెట్టడం, నీళ్ళు ఎటు మొగ్గితే అటు వాలు. గనిలో సర్వే గొట్టం ఒకటి ఉండేది కాని, దాన్ని చూడటం తెలిసినవాడు ఏడాదికొకసారి వచ్చేవాడు. నా వెదురుబద్దను చూసి మందుగుండు మేస్త్రీ పడీ పడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ అని నా పని నేను చేసుకున్నాను.

మొదటి వాన వచ్చినరోజు అందరూ షెడ్డులో దూరితే నేను గోనెసంచి కప్పుకుని దిబ్బమీద తిరిగాను. అక్కడ నీళ్ళు నా కళ్ళముందు పుట్టాయి. మొదట దిబ్బ ఒళ్ళంతా చెమట పట్టినట్టు తడిసింది. తరవాత చెమట చుక్కలు కలుసుకుని దారాలయ్యాయి, దారాలు పేనుకుని తాళ్ళయ్యాయి. ప్రతి తాడులోనూ మైకా రేకులు ఒకదాని వెనక ఒకటి దొర్లిపోతూ ఉన్నాయి. ఆ చూడటంలో, నీళ్ళ దారికి గుర్తుగా పెట్టాల్సిన రాళ్ళు చేతిలోనే ఉన్న సంగతి కూడా మరిచిపోయి, ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మైకా కోసే ఆడవాళ్ళు షెడ్డులోంచి “మేస్త్రికి పిచ్చి పట్టినట్టుండాదే” అనుకోవడం వాన చప్పుడులో వినిపించింది. వినిపించినా నాకు హాయిగానే ఉంది.

ఆ దారాలు తాళ్ళయ్యేచోటల్లా అడ్డంగా రాళ్ళు వరస పెట్టించాను. రాళ్ళ వెనక వెంపలి కంప తొక్కించాను. దిబ్బ అంచుల్లో కిత్తనార మొక్కలు నాటించాను. దిబ్బ మట్టిలో అవి ఎన్నిసార్లు పెట్టినా చచ్చిపోతుంటే, వాగు అవతలినుంచి ఎర్రమట్టి తట్టలతో తెప్పించి, గుంటకొక తట్ట పోసి నాటితే బతికాయి. అదీ గుర్తుంది నాకు. ఎంత బాగా గుర్తుందో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

దిబ్బ పాదం దగ్గర రెండు పూడిక గుంటలు తవ్వించాను. నీళ్ళు మొదటి గుంటలోకి దూకి అక్కడ ఇసకను వదిలేసేవి. నిండాక గట్టులో వదిలిన కలుజు మీదుగా పలచగా పొర్లి రెండోదాంట్లోకి వచ్చేవి. రెండో గుంట వెడల్పు, లోతు తక్కువ. అందులో నీళ్ళు పాలలాగా తెల్లగా వచ్చి, ఒకరోజు అట్లాగే నిలబడి, అడుగునున్నదేదో ఒకటొకటిగా కిందికి పిలుచుకుంటున్నట్టు మెల్లగా తేరుకునేవి. మధ్యాహ్నం అన్నం తిని ఆ గట్టుమీద పడుకుంటే, నీళ్ళలో రేకులు తిరుగుతూ దిగడం కనిపించేది. ఒక రేకు వెలుగు పట్టుకునేది, తిరిగితే ఆరిపోయేది, ఇంకొకటి పట్టుకునేది. నిద్రకీ మెలకువకీ మధ్య అట్లా ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో. నా జీవితంలో అంత సుఖపడ్డ చోటు మరొకటి లేదు. చివరి కలుజులోంచి వాగులోకి దిగే నీళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళలాగా ఉండేవి.

ఆ ఏడు మామూలు వానలే. మరుసటి ఏడు అసలు పరీక్ష వచ్చింది. పట్టపగలే ఆకాశం నల్లబడి, తూర్పునుంచి గాలి లేచి, రెండురోజులు ఎడతెరపి లేకుండా కొట్టింది. షెడ్డు రేకులు రెండు ఎగిరిపోయాయి. పైకాలువ కట్ట ఒకచోట తెగబోతే, పదిమందిమి ఇసక సంచులు వేసి దానిమీద కూర్చున్నాం. గుంతలోకి నీళ్ళు మోకాలి లోతుకు మించి రాలేదు. మేనేజరు నా భుజం తట్టాడు. నేను ఆ తట్టించుకున్న భుజంతోనే వాగు దగ్గరికి పరుగెత్తాను.

అవ్వ అప్పటికే అక్కడుంది. ముందు కయ్య అంతా తిరిగి చూసుకుందట. తరవాత నా రెండో గుంట కలుజు దగ్గరికొచ్చి, దోసిలి పట్టి, ఆ నీళ్ళు తాగింది. నోట్లో పుక్కిలించి, ఇసక తగులుతుందేమోనని నాలుకతో వెతికి, మింగింది.

“పిడికెడు కాదు, చిటికెడు రాలా,” అంది. “మాట నిలబెట్టుకున్నావు నాయనా.”

ఆ తరవాత ఆమె నాకు సంగటి తేవడం మొదలుపెట్టింది. సజ్జ సంగటి, చింతాకు ఊరిబిండి పచ్చడి. నాకు ఇల్లూ వాకిలీ లేదని ఆమెకు జాలి. గుంట గట్టుమీద కూర్చుని తింటుంటే, నా పెళ్ళి గురించి ఆటపట్టించేది. “నిన్ను ఎవురు చేసుకుంటారురా? ఇంటికి రాకుండా వానలో నిలబడుకోనుంటావు.” కోతలప్పుడు తన కయ్యలో మొలగొలుకుల వరికంకి ఒకటి తుంచి తెచ్చి నా జేబులో పెట్టింది. ఆ కంకిని చూసుకుని నేను మిడిసిపడ్డ మాట నిజం. గని నడుస్తోంది, కయ్య పండింది, రెండూ నావల్లనే అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. పూడిక తియ్యకపోతే గుంటలు వచ్చే వానలకు పనికిరావు. మొదటి ఏడు కొంచెమే చేరితే ఎత్తి మళ్ళీ దిబ్బమీదే పోయించాను. ఈసారి గాలివాన పుణ్యమా అని రెండో గుంట సగానికి పైగా నిండింది. నీళ్ళు ఇంకిపోయాక దిగి చూశాను. పాదం పెడితే మెత్తగా చీలమండ దాకా దిగింది. రాయి లేదు, గరుకు లేదు. బూడిదరంగు మట్టి, వేళ్ళమధ్య వెన్నలాగా జారుతోంది, లోపల వెండిపొడి కలిపినట్టు సన్నటి మెరుపు.

పూడు మట్టి అంటే ఏమిటో మెట్ట మనిషికి చెప్పక్కరలేదు. మా ఊళ్ళో చెరువు ఎండిందంటే బండ్లు బారులు తీరేవి. ముందు ఎవరి బండి దిగాలనే దానిమీద తలలు పగిలేవి. మా నాయన ఎరువు లేకపోయినా ఓర్చుకునేవాడు కాని, ఏడాదికి నాలుగు బండ్ల చెరువుమట్టి చేనికి తోలకపోతే అన్నం సయించేది కాదు. నీళ్ళు తెచ్చి దించిన మెత్తటి మట్టి ఏదైనా సరే, అది చేనికి బలం. ఆ నమ్మకం మాకు పాలతో పట్టింది. అందులో ఆలోచించాల్సిందేమీ ఉండదు.

దాన్ని పిడికిట్లో తీసుకుని వాసన కూడా చూశాను. మా చెరువుమట్టికి పేడ, కుళ్ళిన ఆకు, నాచు, అన్నీ కలిసిన మక్కిన వాసన ఉండేది. దీనికి ఏ వాసనా లేదు. ఎంత శుభ్రమైన మట్టి అనుకున్నాను.

సంగటి గిన్నెతో వచ్చిన అవ్వ గుంటలోకి వంగి చూసింది. గిన్నె కింద పెట్టి, చీర ఎగదోపుకుని తనే దిగింది.

“అబ్బ! ఇంత మెత్తటి పూడు నా జన్మలో చూళ్ళా,” అంది. రెండు చేతులా తీసి పిసికి చూసింది. “దీన్ని ఏం చేస్తారు?”

“దిబ్బమీద పోస్తాము.”

“బంగారమట్టాంటి మట్టిని తీసకపోయి దిబ్బలో పోస్తావా? మెట్టోడివి, నీకు కూడా నేను చెప్పాల్నా?”

చెప్పక్కరలేదు. నా మనసులో అప్పటికే బండ్లు కదులుతున్నాయి. ఆమె కయ్య మూల మేట వేసి పాడైంది కదా, ఆ నష్టానికి బదులు గని తరఫున నేనే ఇచ్చుకుంటున్నాను అనిపించింది. మేనేజరును అడిగితే, దిబ్బమీదికి ఎత్తే చాకిరీ తప్పుతుందని సంతోషంగా తలూపాడు. సంగతి తెలిసి దిగువ రైతులు నలుగురు వచ్చి తమకూ కావాలన్నారు. “ముందు అవ్వకు. మిగిలితే వచ్చే ఏడు మీకు,” అని కరాఖండిగా చెప్పి పంపాను. వాళ్ళు నన్ను తిట్టుకుంటూ వెళ్ళారు.

నాలుగు రోజులు బండ్లు నడిచాయి. నేనే ముందు నడిచి దారి చూపించాను. ఎద్దుల మెడల్లో మువ్వలు, తడి మట్టి కారుతూ చక్రాల వెంట మెరిసే చారలు, కయ్య గట్టుమీద చేతులు నడుముకు పెట్టుకుని పెళ్ళిపెద్దలాగా నిలబడ్డ అవ్వ. కుప్పలన్నీ ఆమే పారతో చదును చేసింది. సాయానికి మనిషిని పెడతానంటే ఒప్పుకోలేదు, నేను దిగితే మాత్రం కాదనలేదు. జానెడు మందాన కయ్య అంతా పరిచాం. ఆ నాలుగు రోజులంత సంతోషం నేను ఎవరికీ ఇచ్చి ఎరగను.

తొలకరి జల్లు పడ్డ పొద్దున వాగు దగ్గరికి వచ్చిన జనం అక్కడే నిలబడిపోయారు. కయ్య మొత్తం వెలుగుతోంది. నేలలాగా లేదు, ఆకాశం ముక్క ఒకటి దిగి గట్లమధ్య పడుకున్నట్టుంది. దానిమీద మబ్బు నడిస్తే మబ్బు కనిపిస్తోంది. అవ్వ నవ్వుతూ నావైపు చూసింది. వాన పడితే దిబ్బ కూడా ఇట్లాగే మెరుస్తుందని ఒక్క క్షణం తోచింది. కాని ఆ వెలుగు ముందు అది నిలవలేదు.

దున్నించింది, దమ్ము చేయించింది, నాట్లు వేసింది. నీళ్ళు పైనే నిలబడ్డాయి, కిందికి ఇంకలేదు. నాలుగు రోజులు వాన తెరిపి ఇస్తే పైన గట్టిగా పెచ్చు కట్టింది. నారు వారం రోజులు పచ్చగా ఉండి, తరవాత పసుపు తిరిగింది.

“కొత్త మట్టి కదా, వేడి చేసుంటాది,” అంది అవ్వ. “ఇంకో తడి పడితే సద్దుకుంటాది.”

“సర్దుకుంటుంది,” అన్నాను నేను కూడా.

ఇంకో తడి పడింది, సర్దుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆమె లేనప్పుడు కయ్యలోకి దిగాను. కాలికింద పెచ్చు అప్పడంలాగా విరిగింది. ఒక మొక్కను పట్టుకుంటే లాగకముందే చేతిలోకి వచ్చేసింది. వేళ్ళు నాటిన రోజు ఎంతున్నాయో అంతే ఉన్నాయి, తెల్లగా, ఎటు పోవాలో తెలియక ముడుచుకుని. అక్కడే గట్టుమీద కూలబడ్డాను. చెరువులో చేరేది ఊరి మట్టి, పేడ, ఆకు, పశువుల గిట్టల కింద నలిగిన సమస్తం. నా గుంటలో చేరింది నలిగిన రాయి. అంతే, ఒట్టి రాయి. దిబ్బమీద గడ్డిపోచ మొలవదని నాకు తెలుసు. ఎర్రమట్టి పోస్తేగాని కిత్తనార కూడా బతకలేదని నా చేతులకు తెలుసు. రెండేళ్ళు కాపలా కాసి, చిటికెడు కూడా పోనివ్వకుండా పట్టిపెట్టి, అదంతా పోగుచేసి, మువ్వలు కట్టిన బండ్లమీద తీసుకెళ్ళి ఆమె కయ్యలో నేనే పోశాను. గాలివాన ఒక మూల పాడుచేస్తే నేను మిగతాదంతా పాడుచేశాను.

వెళ్ళి ఆమెకు ఆ మాటే చెప్పాను. తిడుతుందనుకున్నాను. మొదటిరోజు నా కాళ్ళమీద ఇసక పోసిన మనిషి, ఈసారి నెత్తిన పోస్తుందనుకున్నాను. ఆమె మేకకు ఆకు వేస్తూ విని, “నేను అడిగినాను, నువ్వు ఇచ్చినావు. నాకు మాత్రం తెలిసిందా?” అంది. ఆ రోజు ఆమె నన్ను చెంపలు వాయించినా బాగుండేది.

పోయిన పంటను వదిలేసి పైమట్టి గీకించడానికి నలుగురు మనుషుల్ని పెట్టాను. దున్ని దమ్ము చేసిన తరవాత ఏది పాతది, ఏది కొత్తది? నల్లమట్టికోసం వెతికితే చారలు చారలుగా కనిపించింది, తెల్లదాన్ని తీస్తుంటే నల్లదీ వచ్చేసింది. ఉదయగిరి వైపునుంచి దిగుతున్న గొర్రెల మందను బతిమాలి, ఎరువుకోసం వారంరోజులు కయ్యలో నిలబెట్టించాను. మెట్టపైరైనా రాకపోతుందా అని వరిగ చల్లితే బెత్తెడు లేచి, వెన్ను తియ్యకుండా తెల్లబడింది. ముందు ఒక మేక అమ్ముడుపోయింది, తరవాత రెండోది. సంతకు తోలుకుపోతుంటే నేనే ఎదురుపడ్డాను. అవ్వ పలకరించింది, నేనే సరిగా పలకలేదు. సంగటి గిన్నె రావడం ఎప్పుడు ఆగిపోయిందో కూడా నాకు సరిగా గుర్తులేదు. ఆ నెలలన్నీ కలలో నీళ్ళల్లో నడిచినట్టు ఉన్నాయి, కాళ్ళు కదులుతాయి కాని దారి తరగదు.

ఆంధ్ర రాష్ట్రం వస్తుందట వస్తుందట అని గనిలో అందరూ చెప్పుకుంటున్న ఆ ఎండాకాలం, మళ్ళీ పూడిక తీసే రోజులొచ్చాయి. దిబ్బమీద పోస్తే వచ్చే వానకు మళ్ళీ గుంటలోకే వస్తుంది. వాగులో పోస్తే పెన్నదాకా అందరి కయ్యలకూ పోతుంది. ఏం చెయ్యాలో తేల్చుకోకుండానే పని మొదలుపెట్టించాను. పొద్దున్నే తట్టలు మోసే ఆడవాళ్ళు వరసగా గుంటలోకి దిగారు. నేను గట్టుమీద నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా, తట్టలు నిండుతున్నాయో లేదో చూస్తున్నాను.

ఒక తట్ట నా ముందుకొచ్చి ఆగింది. తలెత్తి చూస్తే అవ్వ. నెత్తిన తట్ట నిండా నా పూడిక. అంచునుంచి తడి కారి, నుదుటిమీదుగా, చెంపల మీదుగా మెరుస్తూ దిగుతోంది. పనిలో ఎప్పుడు చేరిందో, ఎవరు చేర్చుకున్నారో నాకు తెలియదు.

“యాడ పొయ్యాల నాయనా ఇది?” అని అడిగింది.

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. కొత్తగా చేరిన ఏ కూలిమనిషైనా మేస్త్రీని అడిగే మాటే అది.

“తట్ట దించు అవ్వా,” అన్నాను.

“దించితే మళ్ళా ఎవురు ఎత్తుతారు? మెడ గుంజతా ఉండాది. చెప్పు, యాడ పొయ్యాల?”

వెనక మిగతా ఆడవాళ్ళు తట్టలతో ఆగిపోయి చూస్తున్నారు. నేను చెయ్యెత్తి ఎటో చూపించాను. ఎటు చూపించానో ఇప్పటికీ గుర్తు రాదు. ఆమె తట్టను సర్దుకుని అటు నడిచింది.